ఖాళీ తక్కెడ

జూన్ 3, మంగళవారం

తక్కువ వచ్చాయట.

ఇరవై ఏళ్లు దాటింది నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరి. తక్కువ వచ్చిందని నేను ఊళ్లోవాళ్లకి చెప్పాలి గానీ నాకొకరు చెప్పడం ఇదే మొదలు. అదీ నా రక్తం గురించి.

నిన్న పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మిషను పక్కన పడుకోబెట్టారు. ఒక చేతిలోంచి రక్తం లాగి, కావలసినవి ఏరుకుని, మిగతాది రెండో చేతిలోకి ఎక్కించారు. ఇవాళ డాక్టరమ్మ ఫోన్ చేసింది. తమ్ముడికి ఎముక మూలుగ మార్చడానికి కావలసిన కణాలు బాగానే వచ్చాయట. కానీ ఆ కొత్త పద్ధతికి కావలసిన రెండో రకం సగం కూడా రాలేదట. “ఇంకోసారి రావలసి ఉంటుంది. ఆలోచించుకుని చెప్పండి,” అంది.

ఆ రెండో రకం ఏమిటో మొదటిరోజే కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. రాసుకుంటే తప్ప నా బుర్రకెక్కదు కాబట్టి రాస్తున్నాను.

“మీ రక్తంలో పోట్లాడే కణాలు ఉంటాయమ్మా. వాటికి మీ తమ్ముడి ఒళ్లు పరాయి ఇల్లే. వెళ్లీవెళ్లగానే గొడవ పెట్టుకుంటాయి. చర్మం, పేగులు, లివరు, దేన్నీ వదలవు. అలాగని వాటిని పంపకుండా ఉండలేం. అక్కడక్కడా మిగిలిన క్యాన్సర్‌ని పట్టుకునేవి కూడా అవే. అయితే వాటిలోనే సర్దిచెప్పే కణాలు కొన్ని ఉంటాయి. వాటిని ఏరి ముందు పంపిస్తాం. అవి వెళ్లి కుదురుకున్నాక మిగతావాటిని పంపితే గొడవ పెద్దది కాదు.”

ఆ సర్దిచెప్పేవి నాలో తక్కువట.

మావారికి చెప్పలేదు. చెబితే నవ్వుతారు. ‘ఆ మాత్రం దానికి మిషనెందుకు, నన్నడిగితే చెప్పేవాణ్ణిగా’ అంటారు. ఇక తమ్ముడికి తెలిస్తే చెప్పనే అక్కర్లేదు. మా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. నాన్న పోయాక కాటాలు రిపేరు చేసే కొట్టు వాడు చూసుకుంటున్నాడు. వాడు బాగుచేసిన కాటాలకి ముద్ర వెయ్యాల్సింది నేను. రెండింటిని తేడా ఉందని తిప్పి పంపాను. నిజంగానే ఉంది తేడా. అప్పటినుంచి ఏ మాటైనా మరదలి ద్వారానే.

తూకం తక్కువ అనేవాడు తూకం చూపించాలి. నాకెవరూ ఏమీ చూపించలేదు. నా రక్తంలోంచి ఏరింది ఏ గదిలోకి పోయిందో, ఎవరికి పోయిందో.

జూన్ 4, బుధవారం

సీజు చేసిన తూకపు రాళ్లు బీరువాలో కనిపించడం లేదని అటెండరు అడిగాడు. నా దగ్గరున్నాయి, కోర్టు వాయిదా లోపల తెస్తానన్నాను. వీడికెందుకో ఇంత ఆరా.

జూన్ 5, గురువారం

మరదలు ఫోన్ చేసింది.

“వదినా, మీరు మళ్లీ ఇస్తారా?”

“ఇవ్వనని ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. ఊరికే అడిగాను.” గొంతు తగ్గించింది. “నేనడిగానని మాత్రం ఆయనకి తెలియనివ్వకండి.”

“ఎందుకని?”

“ఏం లేదు వదినా.”

ఏం లేకుండా గొంతు తగ్గించేవాళ్లని నేను రోజూ బజార్లో చూస్తుంటాను. వాడితో మాట్లాడించమన్నాను. నిద్రపోతున్నాడంది. పొద్దున పదింటికి.

జూన్ 6, శుక్రవారం

మధ్యాహ్నం చేశాను. నిద్రపోతున్నాడు. సాయంత్రం చేశాను. ఇప్పుడే పడుకున్నాడు.

వీడికి చిన్నప్పటినుంచీ నిద్ర పట్టదు. పక్కింట్లో గడియారం టిక్కుమంటే లేచి కూర్చునే రకం. కీమోలు మొదలయ్యాక బొత్తిగా లేదని మరదలే ఏడ్చింది మొన్నటిదాకా. ఇప్పుడేమో మూడు పూటలా నిద్రే.

ఇంకొకటి కూడా ఉంది. సోమవారం నేను మిషను గదికి వెళ్తూ వాడి గది అద్దం ముందు నుంచే నడిచాను. బరువు చూసే చోటు ఆ కారిడారు చివర ఉంది. మంచం మీద కూర్చుని ఇటే చూస్తున్నాడు. చెయ్యి ఊపాను. నాలుగేళ్ల తర్వాత నేనే ముందు ఊపాను. నన్ను పైనుంచి కింది దాకా చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అలసిపోయి ఉంటాడనుకున్నాను ఆ రోజు. ఇప్పుడు అనుకోవడం లేదు.

జూన్ 9, సోమవారం

హాస్పిటల్‌కి వెళ్లి లెక్క చూపించమన్నాను. డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు. అదే అనుమానంగా ఉంది. మామూలుగా లెక్క అడిగితే మనుషులకి కోపం వస్తుంది.

“రండి, చూద్దురు గాని,” అని కంప్యూటరు నా వైపు తిప్పింది. చుక్కలు. నీలం చుక్కలు పోట్లాడేవి, ఎర్రచుక్కలు సర్దిచెప్పేవి. ఎర్రవి పలచగా, పండగ అయిపోయాక జనంలాగా అక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి.

“ఇవి నావేనని ఏమిటి నమ్మకం?”

“మీ పేరే ఉంది కదమ్మా.”

“పేరు ఎవరైనా అంటించొచ్చు.”

ఆవిడ నవ్వి, సంచీ మీద ఎప్పుడు ఎవరు ఏం అంటిస్తారో, ఎవరు సరిచూస్తారో అంతా చెప్పింది. మా శాఖలో కూడా ఇంత కట్టుదిట్టం లేదు. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. చిరాకేసింది.

“నాకూ అర్థం కావడం లేదు,” అంది ఆవిడే. “మీరు యాభై కిలోల చిల్లర ఉన్నారు. దాన్ని బట్టే మిషను పెట్టాం, ముందిచ్చిన ఇంజెక్షన్లూ మీరు చెప్పిన ఆ బరువుని బట్టే. అయినా మిషను పదే పదే ఆగింది. రక్తం సరిగా రాలేదు. ఆ రోజు కళ్లు తిరగడం, మూతి దగ్గర తిమ్మిర్లు, అలాంటివేమైనా?”

“అబ్బే, లేదు.”

అక్కడే పొడుగ్గా ఒక నర్సు నిలబడి ఉంది. ఆ రోజు మిషను దగ్గర ఉన్నావిడే. నా వంకే చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. బాత్రూంలో ఒక్క నిమిషం కూర్చున్నాను, అంతే. దాన్ని కళ్లు తిరగడం అంటారా?

ఇరవయ్యో తారీఖున తమ్ముడికి పెద్ద మందు మొదలు. అది వాడి మూలుగంతా తుడిచేస్తుంది. అక్కడినుంచి వెనక్కి రావడమంటూ ఉండదు. సర్దిచెప్పేవి ఆలోపు అందకపోతే పాత పద్ధతిలోనే కానిస్తారట.

“పాత పద్ధతిలో ఏమవుతుంది?”

“చాలామంది బాగానే గట్టెక్కుతారు. కొందరికి గొడవ మొదలవుతుంది. ముందు అరచేతుల మీద ఎర్రగా దద్దురు కనిపిస్తుంది. మందులకి అక్కడితో ఆగితే అదృష్టం.”

“ఆగకపోతే?”

“ఆగకపోతే చాలా కష్టమమ్మా.”

బస్సులో వస్తుంటే ఆ మాటే. వాడి ఒంట్లో దూరి వాడి చర్మం పీకేది ఎవరో కాదు, నేను. నా నీలం చుక్కలు. వాడంటే నాకెంత ఒళ్లుమంటో వాటికి తెలుసా? తెలియదు, అవి వట్టి కణాలు. అని డాక్టరమ్మ అంటుంది. నాకు భయంగా ఉంది. ఎవరితోనూ అనను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చాలా భయంగా ఉంది.

జూన్ 10, మంగళవారం

మావారు తూకం మిషను కొనుక్కొచ్చారు. మనుషులు ఎక్కేది. ఆఫర్లో వచ్చిందట. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో నా ఉద్యోగం వల్ల తూకం మాటెత్తితేనే పారిపోయే మనిషికి ఉన్నట్టుండి ఆఫరు కనిపించింది.

“ఎక్కు ఒకసారి. పని చేస్తుందో లేదో చూద్దాం,” అన్నారు.

దాని మీద నీళ్ల డబ్బా పెట్టి పరీక్షించాను. ముప్పావు కిలో ఎక్కువ చూపిస్తోంది. వెనక్కి ఇచ్చేయమన్నాను.

“నువ్వు ఎక్కలేదేం?”

“తప్పుడు కాటా ఎక్కడమేమిటి?”

అరటిపండు వొలిచి చేతిలో పెట్టారు. ఈ మధ్య నా వెనకాలే అరటిపళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. ఈయనకీ మరదలికీ మధ్య ఫోన్లు నడుస్తున్నాయేమోనని నా అనుమానం.

జూన్ 11, బుధవారం

తనిఖీకి వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లకూడదు. ముందు మామూలు మనిషిలా వెళ్లి నిలబడాలి. అందరూ చేసేది చూడాలి. అదే చేశాను.

మాస్కు పెట్టుకుని, ఎవరో పేషెంటు తాలూకు మనిషిలాగా మధ్యాహ్నం వెళ్లాను. వాడి గది లోపలికి ఎవరినీ పోనివ్వరు. కారిడారులో అద్దం, పక్కన గోడకి మాటలు వినిపించే పెట్టె. మరదలు ఆ పెట్టె ముందు నిలబడి ఉంది, నాకు వీపు పెట్టి. నేను రెండు కుర్చీల అవతల కూర్చున్నాను.

వాడు నిద్రపోవడం లేదు. శుభ్రంగా మేలుకునే ఉన్నాడు.

“డాక్టరుగారికి నువ్వే చెప్పు,” అంటున్నాడు. “పాత పద్ధతిలోనే కానివ్వమను. ఒకసారి తీసుకున్నది చాలు. అక్కవి ఇంక నాకొద్దు.”

“వద్దంటే ఎలాగండీ? అంత మంచిదని వాళ్లు చెబుతుంటే.”

“వద్దన్నానా లేదా? ఆవిడ మళ్లీ ఆ మిషను దగ్గరికి రాకూడదు. అంతే.”

లేచి వచ్చేశాను. దొరికాడు.

జూన్ 12, గురువారం

వద్దన్నాడు. సరే.

జూన్ 13, శుక్రవారం

మరదలు మూడుసార్లు, డాక్టరమ్మ ఒకసారి. ఎత్తలేదు. ఇవాళ కూరగాయల మార్కెట్లో ఏడు కాటాలు పట్టుకున్నాను. ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా కేసు రాశాను.

జూన్ 14, శనివారం

నాకేమీ బాధ లేదు. వాడి ఒళ్లు, వాడి ఇష్టం. అక్క చేతి నీళ్లయినా తాగనని పంతం పట్టినవాడు అక్క రక్తం ఎలా ఎక్కించుకుంటాడు? మొదటిసారి గత్యంతరం లేక ఒప్పుకున్నాడు. ఇంకెవరిదీ కలవలేదు కాబట్టి. రెండోసారి అడిగేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది.

చిన్నప్పుడూ అంతే. నాన్న కొట్లో గుమ్మం పక్కన బస్తాలు తూచే పెద్ద కాటా ఉండేది. ప్రతి పుట్టినరోజుకీ మమ్మల్నిద్దర్నీ దాని మీద నిలబెట్టేవాడు. నాకన్నా మూడేళ్లు చిన్నవాడు, ఈ ఏడు అక్కని దాటేస్తానని ముందురోజు నుంచీ నీళ్లు తాగేవాడు. ఏ ఏడూ దాటలేదు. ఎలా దాటనిస్తాను? ఓడిపోయి కాటా దిగి, నాన్న వైపు కాదు, నా వైపే అనుమానంగా చూసేవాడు. పైనుంచి కింది దాకా.

నాన్న ఒకటే చెప్పేవాడు. ఎవరికి తూచినా ముందు ఖాళీ తక్కెడ చూపించాలి. ముల్లు మధ్యలో ఉందని కొనేవాడు కళ్లారా చూశాకే సరుకు వెయ్యాలి. నేను ఉద్యోగంలో మొదటిరోజు నుంచీ అందరికీ అదే చెబుతున్నాను.

అరచేతుల మీద మొదలవుతుందంది కదా. వాడి అరచేతులు ఎలా ఉంటాయో గుర్తుచేసుకుంటున్నాను. నూనె మరకలు గుర్తొస్తున్నాయి గానీ చేతులు గుర్తుకు రావడం లేదు.

వద్దన్నాడు. నేనేం చెయ్యను?

జూన్ 16, సోమవారం

మరదలు ఇంటికే వచ్చేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో మావారి ఎదురుగా కూర్చుని ఉంది. ఇద్దరూ నన్ను చూసి మాట ఆపారు.

“ఏమిటి మీ ఇద్దరి మంతనాలు?” అన్నాను. “వాడు వద్దన్నది నా చెవులతో విన్నాను. బుధవారం అక్కడే కూర్చున్నాను. ఇంక దాపరికాలెందుకు?”

మరదలు తడబడలేదు. నేను విన్నానని తెలిసి ఊపిరి పీల్చుకున్నట్టే కనిపించింది.

“విన్నారు కదా, మరైతే మీరే చెప్పండి వదినా. ఎందుకు వద్దంటున్నారో నాకు చెప్పరు, డాక్టరుగారికి చెప్పరు. మీ మీద కోపమా అంటే కాదంటారు. మీ ఫోనొస్తే నిద్రపోతున్నానని చెప్పమంటారు. రాత్రి నేను ఏడిస్తే చివరికి ఒకటే మాటన్నారు.”

“ఏమన్నాడు?”

“‘ఆ రోజు కాటా ఎక్కినప్పుడు జేబుల్లో ఏముందో అక్కనడుగు’ అన్నారు.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నిజంగానే స్వెటరు జేబు మీదికి పోయింది. ఇద్దరూ చూశారు.

మావారు లేచి పొయ్యి మీద పాలు దించారు.

ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? రాస్తున్నాను.

మిషను ఎక్కాలంటే యాభై కిలోలు దాటాలని నర్సు మేలోనే చెప్పింది. నేను యాభై కిందికి దిగి చాలా నెలలైంది. వాడికి జబ్బని తెలిసినప్పటినుంచి తిండి సయించడం లేదు. తక్కువుంటే ఇంకేమైనా దారుందా అని అడగొచ్చు. అడగలేదు. అడిగితే కుదరదంటారేమోనని. నేను కాకపోతే వాడికి ఇంకెవరూ లేరు.

ఆఫీసు బీరువాలో పప్పుల కొట్టువాడి దగ్గర సీజు చేసిన ఇనప రాళ్లున్నాయి. రెండు కిలోలవి రెండు, కిలోది ఒకటి. గుడ్డ సంచుల్లో కట్టి స్వెటరు లోపలి జేబుల్లో పెట్టుకున్నాను. పొడుగు స్వెటరు, చిక్కినప్పటినుంచీ ఎండల్లో కూడా ఒంటి మీదే ఉంటోంది. కాటా ఎక్కాను. యాభై చిల్లర వచ్చింది. ఆ రాళ్లు ఒక్కొక్కటీ వంద గ్రాములు తక్కువ తూగుతాయి, అందుకే సీజు చేశాం. వాడి మోసం నా మోసంలో కలిసింది.

మధ్యాహ్నానికి మూతి తిమ్మిరెక్కింది. వేళ్లు కొంకర్లు పోయాయి. చెప్పలేదు. అయిపోయాక బాత్రూంలో కూర్చోలేదు, పడిపోయాను. పొడుగు నర్సు తలుపు తట్టి లేపింది. నేల తడిగా ఉంది, కాలు జారిందన్నాను.

వాడు అద్దంలోంచి చూసింది నేను కాటా వైపు నడుస్తున్నప్పుడు.

జూన్ 17, మంగళవారం

పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్లాను. రాళ్లు బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటి వంకా నా వంకా చూసింది.

“కాటా ఎక్కడుంది?” అన్నాను. “ఇంకోసారి ఎక్కుతాను.”

చెప్పులు విప్పి, స్వెటరు తీసి ఎక్కాను. నలభై అయిదున్నర.

అప్పుడు కోపం వచ్చింది ఆవిడకి. గట్టిగా అరవలేదు. అరిచినా బాగుండేది. “మీకు ఇచ్చిన మందులు, మిషను లాగిన రక్తం, అన్నీ లేని బరువుని బట్టి. మీరక్కడే పోయుంటే? మీ తమ్ముడి ముందు నేను ఏ మొహంతో నిలబడేదాన్ని?”

“నన్ను తీసేస్తారా?”

“అడిగితే మొదటిరోజే చెప్పేదాన్ని కదమ్మా. బరువు తక్కువున్నవాళ్లకి మిషను వేరేగా పెడతాం. నెమ్మదిగా, రెండు పూటల్లో, కొంచెం కొంచెం తీస్తాం. కాల్షియం ఎక్కిస్తూ తీస్తాం. మీకోసం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు.”

అడిగితే చెప్పేదట. నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగలేక అయిదు కిలోల ఇనుము మోశాను.

రక్తం పరీక్షించి, గుండె చూసి, మధ్యాహ్నానికి సరేనన్నారు. “కానీ మీ తమ్ముడు కూడా ఒప్పుకోవాలి,” అంది. “ఆయన ఒంట్లోకి కదా.”

అద్దం దగ్గరికి వెళ్లాను. మరదలు నన్ను చూసి పక్కకి తప్పుకుంది. వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. తల మీద ఒక్క వెంట్రుక లేదు. నాన్నలా ఉన్నాడు.

“నిద్రపోవడం లేదా?” అన్నాను.

“మెలకువొచ్చింది.”

“ఎలా తెలిసింది నీకు?”

“చిన్నప్పుడు కూడా అలాగే నడిచేదానివి. నాన్న రాళ్లు జేబులో వేసుకుని కుడివైపుకి ఒరిగి. నేనెప్పుడూ గెలవకపోవడానికి కారణం ఏమిటో నాకు తొమ్మిదేళ్లకే తెలుసు.”

“నాన్నకి చెప్పలేదేం?”

“చెబితే నిన్ను కొట్టేవాడుగా.”

వాడే మళ్లీ అన్నాడు. “ఆవిడెవరో పొడుగ్గా ఉంటుంది చూడు, ఆ నర్సు, రాత్రి డ్యూటీలో చెప్పింది. మీ అక్క బాత్రూంలో పడిపోయిందని. లెక్క కలిసింది. డాక్టరుకి చెబితే నిన్ను తీసేస్తారు, నేను పోతాను. చెప్పకపోతే నువ్వు మళ్లీ రాళ్లేసుకుని వస్తావు, నువ్వు పోతావు. నేనేం చెప్పను? అందుకే నిద్రపోయాను.”

అద్దం మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను. కారిడారులో అందరూ చూశారు. చూడనీ.

“తూనికల ఇన్‌స్పెక్టరు,” అన్నాడు వాడు. “కంచే చేను మేసిందన్నమాట.”

“నలభై అయిదున్నర,” అన్నాను. “ఖాళీ జేబులతో ఇప్పుడే ఎక్కొచ్చాను. రెండు పూటల్లో నెమ్మదిగా తీస్తారట. ప్రమాదం లేదట. ఒప్పుకో.”

“ఎవరన్నారు ప్రమాదం లేదని?”

“డాక్టరమ్మ.”

“పిలువు. నా ఎదురుగా చెప్పమను.”

అనుమానపు వెధవ. ఆవిడ వచ్చి చెప్పేదాకా సంతకం పెట్టలేదు.

జూన్ 19, గురువారం

నిన్న ఒక పూట, ఇవాళ ఒక పూట. పొడుగు నర్సు కుర్చీ తెచ్చుకుని నా పక్కనే కూర్చుంది. అయిదు నిమిషాలకోసారి “మూతి ఎలా ఉంది?” అని అడిగింది. ఈసారి నిజమే చెప్పాను. కొంచెం తిమ్మిరనగానే మిషను తగ్గించి కాల్షియం పెంచింది. ఇంత సులువా.

జూన్ 20, శుక్రవారం

సరిపోయాయట. కావలసినదానికన్నా కాస్త ఎక్కువే ఉన్నాయట, ఎర్రచుక్కలు. మావారికి చెప్పాను. “నీలోనా?” అన్నారు. అనుకున్నట్టే నవ్వారు.

వాడికి పెద్ద మందు మొదలైంది. నోరంతా పూసిందట. అద్దం దాకా కూడా ఎవరినీ రానివ్వడం లేదు.

రాళ్లు బీరువాలో పెట్టేసి, వాటిని ఎందుకు తీశానో పై ఆఫీసరుకి రాసి పంపాను. ఏం చేస్తాడో చేసుకోనీ.

జూన్ 27, శుక్రవారం

పొద్దున సర్దిచెప్పేవాటిని ఎక్కించారు. చిన్న సంచీ, అరగంట కూడా పట్టలేదని మరదలు చెప్పింది. రెండు రోజులాగి మిగతావి.

వెళ్లండమ్మా. వెళ్లి అక్కడ మర్యాదగా ఉండండి. నా పరువు తియ్యకండి.

జూలై 5, శనివారం

బాగానే ఉన్నాడట.

జూలై 9, బుధవారం

జ్వరం. జ్వరమెందుకొచ్చిందని అడిగితే మామూలేనంటారు. మామూలైతే అంతమంది డాక్టర్లు ఎందుకొచ్చినట్టు? మరదలు గొంతు మళ్లీ తగ్గింది. దద్దురు వచ్చిందా అని అడిగాను. లేదంది. ఆ లేదులో ఒక తడబాటు వినిపించింది నాకు.

జూలై 10, గురువారం

జ్వరం తగ్గిందట. నేను నమ్మలేదు.

జూలై 16, బుధవారం

నా కణాలు వాడి మూలుగలో నాటుకున్నాయట. తెల్లకణాలు పెరుగుతున్నాయట. ఇక గొడవ మొదలైతే ఇప్పుడే మొదలవ్వాలి. ఫోన్ మోగితే చాలు, చేతిలో ఏది ఉంటే అది పడేస్తున్నాను. ఇవాళ గాజు గ్లాసు.

మరదలు ఫోటో పంపింది. నవ్వుతున్నాడు. చేతులు దుప్పటి కింద ఉన్నాయి. ఎందుకున్నాయి దుప్పటి కింద?

జూలై 22, మంగళవారం

ఇవాళ అద్దం దాకా రానిచ్చారు.

చెప్పకుండా వెళ్లాను, అలవాటు కొద్దీ. వాడు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. నిలబడి. చిక్కి సగమయ్యాడు. నన్ను చూసి నెమ్మదిగా అద్దం దగ్గరికి నడిచొచ్చాడు, చేతులు వెనక్కి పెట్టుకుని.

“చేతులు చూపించు,” అన్నాను.

“బాగున్నాయని రోజూ చెబుతోంది కదా మీ మరదలు.”

“చెప్పడం నాకొద్దు. చూపించు.”

“నమ్మవా?”

“నమ్మను.”

రెండు చేతులూ ముందుకి తెచ్చాడు. నాన్న ఖాళీ తక్కెడ చూపించేవాడే, అలాగ, రెండు అరచేతులూ ఒకే ఎత్తులో, వెల్లకిలా పట్టుకున్నాడు. నేను కళ్లజోడు తుడుచుకుని చూశాను. ఒక్కొక్క వేలు చూశాను. తిప్పమన్నాను, తిప్పాడు. మళ్లీ తిప్పమన్నాను. పాలిపోయి, సన్నగా, శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా ఎరుపు లేదు. నూనె మరకలు కూడా లేవు.

“ఏమైనా తేడా ఉందా ఇన్‌స్పెక్టరుగారూ?”

“లేదు,” అన్నాను.

“అయితే ఇప్పుడు నీ జేబులు చూపించు.”

స్వెటరు జేబులు రెండూ పట్టుకుని బయటికి లాగాను. ఒకటి ఖాళీ. రెండోదాంట్లోంచి మావారు పెట్టిన అరటిపండు కింద పడింది.

వాడు నవ్వాడు. మరదలు కూడా నవ్వింది. “అది కూడా తూకంలోకి వస్తుంది,” అన్నాడు.

“వస్తే ఎంతొస్తుంది? నూటిరవై గ్రాములు.”

“నూట నలభై తక్కువుండదు.”

“రోజూ తూచేదాన్ని, నాకు తెలియదా?”

“నువ్వు తిప్పి పంపిన నా కాటాల మీద తూచుంటావు. అందుకే తక్కువ చూపించింది.”

“ఆ కాటాల్లో తేడా ఉంది.”

“లేదు.”

పొడుగు నర్సు వచ్చి టైమైపోయిందనే దాకా పోట్లాడుకున్నాం. ఆ పండు తినకుండా ఇంటికి తెచ్చాను. రేపు ఆఫీసులో తూచి వాడికి ఫోన్ చేసి చెప్పాలి.